తెల్లపూస మంచం వైపు

షోకేసు తాళంచెవి సీతామహాలక్ష్మి చేతిలోనే ఉంది గానీ, తాళం తియ్యడానికి చెయ్యి రాలేదు. గుమ్మంలో తెరేసా నిలబడి ఉంది. గొడుగు వసారాలో వాల్చి, తడిసిన చున్నీ కొస పిండుకుంటోంది.

"ఒక్కరోజుకే ఆంటీ. రేపు పదిన్నరకి యూనివర్సిటీలో నా సెమినార్. సాయంత్రానికి మళ్లీ తెచ్చి ఇక్కడే పెట్టేస్తాను, ఒట్టు."

"ఒట్లెందుకే పిల్లా. పుల్లలు పెళుసెక్కి ఉంటాయి. బస్సులో ఎవరి మోచెయ్యి తగిలినా విరుగుద్ది. అదీ నా భయం."

భయం అదొక్కటే కాదని ఇద్దరికీ తెలుసు. అద్దం వెనక ఉన్నది ఆమె భర్త ఉమామహేశ్వరం గారు చేయించిన ఆఖరి బొమ్మ. ఆయన పోయి తొమ్మిది నెలలైంది.

బొమ్మంటే ఆడుకునే బొమ్మ కాదు. మట్టి పూసలకి రంగులేసి, కొబ్బరి ఈనెలతో ఒకదానికొకటి గుచ్చిన కట్టు. నల్లపూస కార్బన్, ఎర్రది ఆక్సిజన్, నీలం నైట్రోజన్, తెల్లది హైడ్రోజన్. ఉప్పుకయ్యల్లో పెరిగే మడచెట్టు ఆకులోంచి తీసిన ఒక పదార్థపు అణువు, కంటికి కనపడనంత చిన్నది, పెరిగి పెద్దదై గుప్పెట్లో పట్టేంతైతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది ఆ కట్టు. పదార్థం తీసింది హైదరాబాదులో ఒక ల్యాబు వాళ్లు. అది ఎలా ఉండాలో, ఎలా ప్రవర్తించాలో కంప్యూటరు మీద లెక్కగట్టాల్సింది ఇక్కడ ఉమామహేశ్వరం గారి శిష్యురాలు తెరేసా.

ఆయన ఇరవై ఆరేళ్లు యూనివర్సిటీలో చెప్పింది ఈ రకం కెమిస్ట్రీయే. సీసాలుండవు, పొగలుండవు. అన్నీ లెక్కలే. "మావాడు కెమిస్ట్రీ మాస్టారంటారు గానీ ఫినాయిల్ సీసా మూత తియ్యడం కూడా రాదు" అని ఆయన అక్కగారు కామాక్షమ్మ ఊరంతా నవ్వులు పంచేది.

మహాలక్ష్మి పుట్టింది దరియాలతిప్పలో. ఏడో తరగతిలో ఉండగా తల్లి మంచాన పడితే బడి మానేసి పొయ్యి ముందు కూర్చుంది. పెళ్లయ్యేటప్పటికి ఆయన ఇంకా పరిశోధన చేస్తున్నాడు. కాపురానికొచ్చిన కొత్తలో ఒకరోజు వంటింట్లో బంగాళాదుంపలు కనపడక వెతికితే, అవి ఆయన బల్లమీద అగ్గిపుల్లలు గుచ్చుకుని కూర్చున్నాయి. నాలుగు రోజులకి కుళ్లు కంపు. "మట్టితో చేసిస్తానుండండి" అంది. "ఆరిన మట్టికి కన్నం ఎలా పెడతావు?" అన్నాడాయన. "ఆరకముందే పెడతాను" అంది. ఆ సాయంత్రమే అట్టముక్క ఒకటి కత్తిరించి ఇచ్చాడు, కన్నానికీ కన్నానికీ మధ్య ఎంత వాలు ఉండాలో కొలుచుకోమని. రెండేళ్లకి ఆ అట్టముక్క అవసరం లేకపోయింది. ఆమె వేళ్లకే తెలిసిపోయింది.

అప్పట్నించీ అదే పద్ధతి. ఏ కొత్త పదార్థమైనా ముందు ఈ ఇంట్లో బల్లమీద తయారవ్వాలి. ఆయనా ఆమే కిటికీ వైపు తిరిగి పక్కపక్కనే కూర్చునేవారు. ఆయన చెప్పేవాడు, ఆమె గుచ్చేది. ఆ తర్వాతే శిష్యులు దాన్ని ముందు పెట్టుకుని కంప్యూటర్లో కట్టేవారు. "ముందు చేతికి తెలియాలి, ఆ తర్వాతే మిషన్‌కి చెప్పాలి" అనేవాడు. ఆదివారాలు వసారా నిండా పిల్లలే. ఆవిడ పులిహోర తింటూ బొమ్మల్ని తిప్పితిప్పి చూసేవారు. తెరేసా అలా వచ్చిన పిల్లే. కనకాలపేట నుంచి సైకిలు మీద వచ్చేది.

"సుబ్బారావు గారేమన్నారు?" అని అడిగింది మహాలక్ష్మి. ఉమామహేశ్వరం గారి తర్వాత తెరేసా చదువు చూస్తున్నది ఆయనే.

తెరేసా మొహం బిగుసుకుంది. "అదే ఆంటీ. ఈ పదార్థం తనలోంచి వెలుగు పోయేటప్పుడు దాన్ని ఒకపక్కకి తిప్పుద్ది. హైదరాబాదు ల్యాబు వాళ్లు కొలిస్తే కుడికి డెబ్భై రెండు డిగ్రీలు వచ్చింది. నా లెక్కలో ఎడమకి డెబ్భై వస్తోంది. ఆర్నెల్లుగా చేస్తున్నాను. పదార్థం వంగే తీరులు నలభై ఉంటే నలభయ్యీ చేశాను. ఎన్నిసార్లు చేసినా ఎడమకే. వాళ్లని మళ్లీ కొలవమని రాస్తే, సౌజన్య మేడం, అదే ఆ ల్యాబు ఆవిడ, 'మా కొలత సరైనదే' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంది. ఇంక సుబ్బారావు సార్ అన్నారు, 'ఎన్నాళ్లు సాగదీస్తావమ్మా, వాళ్లు కొలిచింది తప్పని రాసెయ్యి' అని."

"మొహమ్మీదే అంటావా?"

"మొహమ్మీదే. ఆవిడ రేపు హైదరాబాద్ నించే ఆన్‌లైన్లో చూస్తారు." తెరేసా చున్నీ కొస మళ్లీ పిండింది. "నాదే తప్పైతే ఆంటీ, రేపటితో నా పని అయిపోతుంది. ఒక ల్యాబు మీద అబద్ధపు నింద వేసిన పిల్లకి ఇంకెవరూ ఉద్యోగమివ్వరు. అందుకే బొమ్మ కావాలి. అది చేతిలో ఉంటే ధైర్యం. సార్ బొమ్మ లెక్క తప్పదు కదా."

"తప్పదు" అంది మహాలక్ష్మి. తాళం తీసింది. "పొద్దున్నే వచ్చి పట్టుకెళ్లు. డబ్బాలో గుడ్డ పెట్టి సర్ది ఉంచుతాను."

తెరేసా వెళ్లాక, ఆ బొమ్మని రెండు చేతుల్తో తెచ్చి మంచం తలవైపున్న బల్లమీద పెట్టింది. ఆయన పడుకున్న మంచమే అది. ఇప్పుడు దానిమీద కామాక్షమ్మ పడుకుంటోంది. అడవిపొలం నుంచి కంటి ఆపరేషన్‌కి వచ్చి, నెలరోజులుగా ఇక్కడే ఉంటోంది. పూటకొక చుక్క మందు కంట్లో వెయ్యాలి. రోజూ మహాలక్ష్మి తలవైపు నిలబడి వేసేది. ఇవాళ అక్కడ బొమ్మ ఉంది కాబట్టి స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"కన్ను పెద్దది చెయ్యి వదినా."

చుక్క పడింది. కామాక్షమ్మ లేచి కూర్చుంది.

"ఒసే, ఆ కన్ను కాదే! ఆపరేషన్ చేసింది ఎడం కన్నుకి. రోజూ వేసేదానివే కదా, ఇయ్యాళ నీకేమొచ్చింది?"

"ఎడం కంట్లోనే వేశాను కదా వదినా."

"అది నీ ఎడమే! నాకు ఎదురుగా కూచున్నావు మరి. నీ ఎడం పక్క నాకు ఎడమెలా అవుద్దే? ఏడో క్లాసుదాకా చదివావు, ఇదీ చెప్పలేదా?"

మందు సీసా చేతిలోంచి జారి మంచం కిందకి దొర్లింది. మహాలక్ష్మి దాన్ని తియ్యలేదు. ఆమె కళ్లు బల్లమీద బొమ్మ మీద ఉన్నాయి.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం. ఆయన ఇదే మంచం మీద పడుకుని ఉన్నాడు. చేతులు వణుకుతున్నాయి, పూస పట్టుకోలేడు. హైదరాబాద్ నుంచి తన ఫోనుకి వచ్చిన పటం చూస్తూ ఒక్కోటీ చెబుతున్నాడు. ఆ రోజు బల్ల దగ్గర పక్కపక్కన కూర్చోలేదు. ఆమె ఇదే స్టూలు మీద, ఇలాగే, ఆయనకి ఎదురుగా కూర్చుంది. చెప్పినవి మరిచిపోకుండా మందుల కవరు మీద రాసుకుంది. గుచ్చి, జిగురు పెట్టి ఎత్తి చూపించింది. ఆయన కళ్లు సగం మూతలు పడి ఉన్నాయి.

"అయిందా? కుడి ఎడమలు చూసుకున్నావా?"

"చూసుకున్నానండి."

ఆయన నవ్వి కళ్లు మూసుకున్నాడు. వారం తిరక్కుండా ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆయనా రాలేదు, ఆయన ఫోనూ అక్కడే పోయింది.

మహాలక్ష్మి లేచి క్యాలెండరు వెనక మేకుకి గుచ్చిన కాగితాలన్నీ లాగింది. మందుల కవరు అడుగున ఉంది. తన గుండ్రటి అక్షరాలే. 'ఎర్రపూస పైన. తెల్లపూస మంచం వైపు. నీలం కొమ్మ ఎడమకి. ఆరు పూసల చక్రం కుడికి.'

బొమ్మని తెచ్చి స్టూలు మీద నిలబెట్టింది, తెల్లపూస మంచం వైపు వచ్చేలా. ఆ రోజు పెట్టినట్టే.

"కాస్త జరుగు వదినా."

"ఎందుకే?"

"జరుగు."

తొమ్మిది నెలలుగా ఆ మంచం మీద దుప్పటి మార్చడమే గాని నడుం వాల్చలేదు. ఇప్పుడు పడుకుంది. ఆయన తల పెట్టిన చోటే తల పెట్టి, స్టూలు వైపు చూసింది. ఎర్రపూస పైన ఉంది. తెల్లపూస ఇటే చూస్తోంది. నీలం కొమ్మ కుడికి ఉంది.

ఆయన చెప్పింది ఎడమ.

"వదినా" అంది లేవకుండానే, "నేను తప్పు కట్టాను."

అంతా విన్నాక కామాక్షమ్మ మంచం కింద తడిమి మందు సీసా తీసింది. బయట వాన రేకుల మీద మోగుతూనే ఉంది.

"ఒక్క కొమ్మ అటు పోతే ఏమైందే?" అంది చివరికి.

"ఎడం కాలి చెప్పు కుడి కాలికి పట్టుద్దా? రెండూ ఒకేలా ఉంటాయి, ఒకే బరువు తూగుతాయి, కానీ ఒకటి కాదు. ఆయనే చెప్పేవారు. మిషన్‌కి ఇచ్చి లెక్క కట్టమంటే రెంటికీ ఒకే బలం చూపిస్తదంట. తప్పని చెప్పదంట. వెలుగుని తిప్పేటప్పుడు మాత్రం ఒకటి కుడికి, ఒకటి ఎడమకి." ఆమె లేచి కూర్చుంది. "ఆ పిల్ల ఆర్నెల్లు నా తప్పుకి లెక్క కట్టింది. రేపు వాళ్లని దొంగల్ని చేసి మాట్లాడబోతోంది."

"చెప్పెయ్యబోతున్నావా?"

మహాలక్ష్మి వెళ్లి మందుల కవరుని మళ్లీ క్యాలెండరు వెనక మేకుకి గుచ్చింది.

"బాగా ఆలోచించుకో మాలక్ష్మీ. చెప్తే వాళ్లేమంటారో తెలుసా? బొమ్మ కట్టింది పెళ్లామని ఎవరంటారు? ఆఖర్లో మహేశ్వరానికి బుర్ర సరిగ్గా లేదు, ఆ మందులకి ఎడమేదో కుడేదో తెలియకుండా పోయిందంటారు. నా తమ్ముడు బతికినంతకాలం ఒక్క మాట పడలేదు. పోయాక పడాలా? ఆ పిల్లకేం, చిన్నపిల్ల, రేపు కాకపోతే ఎల్లుండి చెప్పుకుంటది."

ఆ మాట నేరుగా గుండెకి తగిలింది. ఎందుకంటే ఆయనకీ అదే భయముండేది. మందుల మత్తులో తప్పు చెబుతానేమోనని ప్రతిదీ రెండుసార్లు అడిగేవాడు. కుడి ఎడమలు చూసుకున్నావా అన్నది అందుకే.

బొమ్మని గుడ్డలో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టింది. మూత బిగించింది. ఆ రాత్రి ఎలా గడిచిందో ఆమెకే తెలుసు.

పొద్దున్న ఏడింటికి తెరేసా వచ్చింది. తెల్ల చుడీదారు, ఇస్త్రీ మడత చెదరలేదు. మెడలో సిలువ, చేతిలో ల్యాప్‌టాప్ సంచి. ముసురు పట్టే ఉంది గాని చినుకు ఆగింది.

"ఇలా ఇవ్వండాంటీ. బస్సు ఏడుం పావుకి."

మహాలక్ష్మి డబ్బా ఇచ్చింది. చెబుదామని నోరు తెరిచింది. "జాగ్రత్త" అని మాత్రం వచ్చింది.

"సార్ ఉంటే ఇవాళ ముందు వరసలో కూర్చునేవారు కదాంటీ" అని నవ్వబోయి, నవ్వలేక, వెళ్లిపోయింది తెరేసా.

మహాలక్ష్మి వంటింట్లోకి వచ్చింది. పొయ్యిమీద పాలు పొంగడానికి వస్తున్నాయి. వాటిని చూస్తూ నిలబడింది. నురగ అంచుదాకా లేచింది. మంట కట్టేసింది.

"వదినా, పాలు చూసుకో" అని కేకేసి, క్యాలెండరు వెనక కవరు లాక్కుని, ఉన్న చీరతోనే వీధిలో పడింది.

బస్సు కదులుతుండగా అందుకుంది. కండక్టరు "ఏవమ్మా, ఈ వయసులో ఫీట్లేంటండీ" అన్నాడు. ఆమె వినిపించుకోలేదు. కిటికీ పక్క సీట్లో, ఒళ్లో డబ్బాతో తెరేసా.

"ఆంటీ! మీరేంటి? ఏమైంది?"

"డబ్బా మూత తియ్యి."

"బస్సులోనా?"

"తియ్యవే. బొమ్మ పట్టుకో. తెల్లపూస నీ వైపు తిప్పుకో. ఇప్పుడు నువ్వు మంచం మీదున్న సార్‌వి." మహాలక్ష్మి కూర్చోలేదు. ముందు సీటు వీపు పట్టుకుని తెరేసాకి ఎదురుగా నిలబడింది. బస్సు గతుకుల్లో ఊగుతోంది. "నేను ఇక్కడ కూచున్నాను. ఇలా, నీకు ఎదురుగా. సార్ చెప్పింది ఇదిగో, నా చేత్తో రాసుకున్నాను. నీలం కొమ్మ ఎడమకి. నీ ఎడమ ఏదీ?"

తెరేసా చెయ్యెత్తి చూపించింది.

"నీలం ఎటుంది?"

తెరేసా బొమ్మ వైపు చూసింది. ఆమె వైపు చూసింది. మళ్లీ బొమ్మ వైపు చూసింది. ఆ పిల్ల మొహంలో రంగు దిగిపోవడం మహాలక్ష్మి కళ్లారా చూసింది.

"కూచోమ్మా, పడతావు" అన్నాడు కండక్టరు. మహాలక్ష్మి తెరేసా పక్కన కూలబడింది.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"రాత్రి."

"రాత్రి తెలిస్తే ఇప్పుడా ఆంటీ చెప్పేది?" తెరేసా గొంతు బస్సంతా వినపడింది. ముందు సీటు ముసలాయన వెనక్కి తిరిగాడు. "పొద్దున్న డబ్బా నా చేతికిచ్చారు. జాగ్రత్తన్నారు!"

"సార్ పేరు పోద్దని భయపడ్డానే."

తెరేసా మొహం కిటికీకి తిప్పుకుంది. తాళ్లరేవు దాటాక ఫోను తీసి సౌజన్యకి మెసేజి పెట్టింది. 'మేడం, తప్పు మాదేమో అనిపిస్తోంది. మీరు సార్‌కి పంపిన పటం ఒక్కసారి నాకు పంపుతారా?' చదివినట్టు గుర్తు పడింది. జవాబు రాలేదు.

"పటం ముందే ఎందుకు అడగలేదే?" అంది మహాలక్ష్మి నెమ్మదిగా.

"సార్ బొమ్మ ఉండగా పటం ఎందుకనుకున్నాను." బొమ్మని డబ్బాలో పెట్టి, "ఇప్పుడు నేనేం చెయ్యాలి ఆంటీ? పద్నాలుగో స్లైడులో ఎర్రక్షరాలతో 'ల్యాబు కొలత తప్పు' అని ఉంది. సుబ్బారావు సారే రాయించారు. అది తీసేసి ఏం పెట్టను? మందుల కవరు మీద మీ రాతనా? కమిటీ నవ్వుద్ది. పటం రాకుండా నేనేం చెప్పినా గాల్లో మాటే."

యూనివర్సిటీ చేరేదాకా ఆ ఫోను మోగలేదు.

సెమినార్ హాలులో మహాలక్ష్మి ఆఖరి బెంచీలో కూర్చుంది. ఇరవై ఆరేళ్లు ఆయన క్యారేజీ సర్దింది గాని ఈ గదిలోకి ఎప్పుడూ రాలేదు. ముందు వరసలో కమిటీ పెద్దలు ముగ్గురు, పక్కన సుబ్బారావు గారు. గోడమీద తెర, దాని మూల చిన్న గడిలో ఒకావిడ మొహం. కళ్లజోడు, బిగించిన పెదాలు. సౌజన్య అంటే ఆవిడే అని చెప్పకుండానే తెలిసింది.

తెరేసా మొదలుపెట్టింది. గొంతు తడబడకుండానే మాట్లాడుతోంది. స్లైడు మారినప్పుడల్లా మూలన అంకె మారుతోంది. మహాలక్ష్మికి ఇంగ్లీషు అందలేదు గాని ఆ అంకెలు అందాయి. తొమ్మిది. పది. ఏం చేస్తుందో ఈ పిల్ల బస్సు దిగినా చెప్పలేదు. పదకొండు. టేబులు మీద ఫోను బోర్లించి ఉంది. పన్నెండు. పదమూడు.

పద్నాలుగు. తెర మీద ఎర్రక్షరాలు.

తెరేసా ఆగిపోయింది.

"చెప్పమ్మా" అన్నారు సుబ్బారావు గారు.

"ఈ స్లైడు నేను చెప్పలేను సార్." తెలుగులోకి దిగిపోయింది. "తప్పు కొలతలో లేదేమో. మా బొమ్మలో ఉందేమో."

హాలులో చిన్న కలకలం. సుబ్బారావు గారు కుర్చీలో ముందుకి వంగారు. "ఏ బొమ్మ? మహేశ్వరం ఇచ్చిన మోడలా?" కమిటీ వైపు తిరిగి గొంతు తగ్గించారు. "పాపం, అప్పటికే ఆయన ఆరోగ్యం... ఆ మందుల మీద ఉండి..."

వదిన అన్నమాటే. అక్షరం పొల్లు పోలేదు. మహాలక్ష్మి లేచి నిలబడింది. బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది.

"ఆయన సరిగ్గానే చెప్పారండి."

అందరూ వెనక్కి తిరిగారు.

"నేను ఆయన భార్యనండి. బొమ్మలు కట్టేది నేనే. ఎప్పుడూ పక్కన కూచుని కట్టేదాన్ని. ఆ రోజు ఆయన లేవలేక, ఎదురుగా కూచుని కట్టాను. ఆయన తన ఎడమ చెప్పారు, నేను నా ఎడమకి పెట్టాను. కుడి ఎడమలు చూసుకున్నావా అని అడిగారు కూడా. చూసుకున్నానని చెప్పాను. ఆయన బుర్రకేం కాలేదండి. తప్పు నా చేతిదే."

అప్పుడు తెర మూలన గడిలోంచి మాట వినపడింది.

"అమ్మా, ఆయన ఏం చెప్పారో గుర్తుందా?"

"రాసుకున్నానండి."

"చదవండి. మెల్లిగా."

కవరు ముడతలు సాపుచేసి చదివింది. ఎర్రపూస పైన. తెల్లపూస మంచం వైపు. నీలం కొమ్మ ఎడమకి. ఆరు పూసల చక్రం కుడికి.

"మంచం వైపంటే ఆయన వైపు?"

"అవునండి. ఆయన వైపే."

సౌజన్య కిందకి చూసి ఏదో నొక్కింది. తెర మీద ఎర్రక్షరాలు పోయి పటం వచ్చింది. గీతలు, చుక్కలు, రంగు గుండ్లు. అది తనంతట తను మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. సౌజన్య దాన్ని తెల్లగుండు ఎదురుగా వచ్చేదాకా తిప్పి, ఎర్రది పైకి తెచ్చి, ఆపింది.

మహాలక్ష్మి కవరూ తెరా మార్చి మార్చి చూసింది. నీలం ఎడమకి ఉంది. చక్రం కుడికి ఉంది.

ఆయన చెప్పిన ప్రతి మాటా సరిపోయింది.

కమిటీలో పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "అయితే లెక్కంతా మళ్లీ చెయ్యాలా?"

"అక్కర్లేదు సార్" అంది తెరేసా. ఇప్పుడు ఆ పిల్ల గొంతే వేరు. "అద్దంలో బొమ్మకి శక్తి అదే, వంగే తీరులు అవే, వెలుగుని తిప్పే మోతాదూ అదే. పక్క ఒక్కటే మారుతుంది." ల్యాప్‌టాప్ మీద ఒక్క మీట నొక్కింది. డెబ్భై ముందున్న చిన్న మైనస్ గీత చెరిగిపోయింది. "మా లెక్క కుడికి డెబ్భై. మేడం వాళ్ల కొలత కుడికి డెబ్భై రెండు." తెర మూల వైపు తిరిగి చేతులు కట్టుకుంది. "మేడం, అప్పుడు మిమ్మల్ని కొలత మళ్లీ చూడమన్నాను. పటం అడిగుండాల్సింది. క్షమించండి."

"పొద్దున మెసేజికి జవాబివ్వకుండా నేనూ బిగుసుకున్నాన్లే" అంది సౌజన్య. పెదాల బిగువు కాస్త సడలింది. "ఏం నింద వేస్తావో విని అప్పుడు చెబుదామని కూర్చున్నాను. చెల్లుకి చెల్లు."

సుబ్బారావు గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు. అందరూ టీకి లేచాక మహాలక్ష్మి దగ్గరికి వచ్చి నిలబడ్డారు. "అమ్మా, నేను అనకూడని మాటన్నాను" అన్నారు.

"అనేశారు కాబట్టే లేచానండి. లేకపోతే కూచునే ఉందును."

తెరేసా బొమ్మ తెచ్చి బెంచీ మీద పెట్టి, ఎదురుగా నిలబడింది.

"అక్కడ కాదు. ఇటొచ్చి నా పక్కన కూచో" అంది మహాలక్ష్మి.

నీలం కొమ్మ పట్టుకుని తిప్పింది. జిగురు వదల్లేదు. ఆ రోజు గట్టిగానే పెట్టింది, ఇంక విప్పే పని ఉండదని. ఒక్క క్షణం వేళ్లు ఆగిపోయాయి. తర్వాత గట్టిగా మెలిపెట్టింది. టప్పున ఈనె విరిగింది. రెండోది చక్రం వైపుది, అదీ విరిగింది. కన్నాల్లో మిగిలిన ముక్కల్ని పిన్నీసుతో తవ్వి తీసింది.

"ఇప్పుడు పుల్లలెక్కణ్నించి తేవాలాంటీ?"

మహాలక్ష్మి చుట్టూ చూసింది. హాలు మూల తలుపు వెనక కొబ్బరి చీపురు నిలబెట్టి ఉంది. వెళ్లి రెండు ఈనెలు లాగి, కొంగుతో తుడిచి, పళ్లతో కొరికి కొలత చేసింది. నీలం కొమ్మ ఇటు, చక్రం అటు. తెర మీద పటం ఇంకా అలాగే ఉంది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని దాంతో సరిచూసుకున్నారు.

"కుడి ఎడమలు చూసుకున్నావా?" అంది మహాలక్ష్మి.

"రెండుసార్లు చూశానాంటీ."

"అయితే ఇది ఇక్కడే ఉంచు. నీ తర్వాత వచ్చేవాళ్లకి పనికొస్తది."

సాయంత్రం బస్సులో ఖాళీ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మందుల కవరు మాత్రం ఇవ్వలేదు, మడతపెట్టి జాకెట్లో దోపుకుంది. విరిగిన రెండు ఈనెముక్కలూ డబ్బాలో గలగలమంటున్నాయి. ఫోను మోగింది.

"ఎక్కడున్నావే? పొద్దున్నించీ కంట్లో చుక్క లేదు. ఏమన్నారు నా తమ్ముణ్ని?"

"చెప్పిందంతా సరిగ్గా చెప్పారన్నారు వదినా."

అవతల ముక్కు చీదిన చప్పుడు వినపడింది.

"వాడి సంగతి నాకు తెలీదా ఏంటి. నువ్వు రా ముందు. ఈసారైనా కన్ను చూసి వెయ్యి."

"వస్తన్నా. తలవైపు నిలబడే వేస్తాన్లే" అంది మహాలక్ష్మి.